సితార్ సోలో ఆల్బమ్: శ్రుతి దగ్గర్నుంచి విడుదల దాకా

మన స్టూడియోలు ఎక్కువగా పాటకు అలవాటుపడ్డవి. చెవిలో క్లిక్ ట్రాక్ (లయ కోసం టిక్కుమనే శబ్దం), 100 హెర్ట్జ్ కింది ధ్వనుల కోత, దారి పొడుగునా కంప్రెసర్ (గట్టి, మెత్తని శబ్దాల తేడాను తగ్గించేది), చివర్న పిచ్ కరెక్షన్ (తప్పిన స్వరాన్ని కంప్యూటర్లో సరిదిద్దడం). పాటకు పనికొచ్చే ఈ అలవాట్లలో ఒక్కొక్కటీ సితార్‌కు ఒక్కో రకంగా చేటు చేస్తుంది. పైగా సితార్ ఆల్బమ్ బాగోగులు సగానికి పైగా మైకు పెట్టకముందే తేలిపోతాయి. జవారీ (తీగలు ఆనే బ్రిడ్జి పైభాగాన్ని అరగదీసి నాదాన్ని తీర్చడం), తరఫ్ (మెట్ల కింద ఉండి వాటంతటవే మోగే తీగలు) శ్రుతి, ఏ రాగానికి ఎన్ని నిమిషాలు అన్న లెక్క సరిగ్గా లేకపోతే తరవాత ఎంత ఖరీదైన మైకు తెచ్చినా ఒరిగేదేమీ లేదు. అందుకే ఈ మార్గదర్శిలో మైకు గురించిన మాట సగం దాటాక గానీ రాదు. ఇది వాయించేవాళ్లకూ, వాళ్లతో పనిచేసే సౌండ్ ఇంజనీర్లకూ కలిపి రాసింది.

1. ముందు నిడివి, తరవాత రాగాలు

78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. ఎల్పీ వచ్చాక వైపుకు ఇరవై, పాతిక నిమిషాలు దొరికాయి. రవిశంకర్ 1956 ఎల్పీలో జోగ్, అహీర్ భైరవ్, సింహేంద్రమధ్యమం అనే మూడే రాగాలున్నాయి. అందులో మూడోది మన 57వ మేళకర్త. సీడీ 74 నిమిషాలిచ్చింది. ఇప్పుడు పైనుంచి హద్దంటూ ఏదీ లేదు, చిక్కంతా దాంతోనే. హద్దు లేదు కదా అని ఆరు రాగాలు తలా పది నిమిషాలు వాయిస్తే ఏదీ విప్పుకోదు. ఒకే రాగాన్ని డెబ్బై నిమిషాలు నడిపితే కచేరీలో బాగుంటుందేమో గానీ, మొదటి ఆల్బమ్‌కు అది బరువు.

మూడు రాగాలు, గంట లోపు. మా సలహా ఇదే. ఒక నమూనా:

- అహీర్ భైరవ్: తబలా లేకుండా ఆలాప్ (తాళం లేని నెమ్మది రాగ విస్తరణ) 12 నిమిషాలు, జోడ్ (లయ చేరిన ఆలాప్) 6, ఝాలా (వేగంగా సాగే ముగింపు భాగం) 3. మొత్తం 21.
- యమన్: చిన్న ఔచార్ (క్లుప్తమైన ఆలాప్) 4, తీన్‌తాల్‌లో మసీత్‌ఖానీ గత్ (తబలాతో వాయించే నెమ్మది రచన) 14, ద్రుత్ (వేగమైన) గత్, ఝాలా కలిపి 10. మొత్తం 28.
- భైరవి: దాద్రా తాళంలో ధున్ (తేలికపాటి వరస), 9.

కలిపితే 58 నిమిషాలు. ఒక రాగం పూర్తిగా ఆలాప్ అంగంలో, ఒకటి గత్ అంగంలో, ఒకటి తేలికపాటిది. మూడూ ఒకే పని చేయవు కాబట్టి వినేవాళ్లకు విసుగు రాదు. తెలుగు శ్రోతలకు ఈ స్వరస్థానాలు కొత్తేమీ కాదు. అహీర్ భైరవ్ చక్రవాకానికి దగ్గర, యమన్ కల్యాణికి దగ్గర, భైరవి స్వరాలు హనుమతోడివి. మాల్కౌఁస్ కావాలనుకుంటే దానివి హిందోళం స్వరాలే. అయితే స్వరాలు కలిసినంత మాత్రాన చలన్ (రాగం నడిచే తీరు) కలవదు. యమన్‌లో ‘ని రి గ’ అని షడ్జాన్ని దాటేసి ఎత్తుకునే తీరు రాగపు ముఖం. మొదటి రెండు నిమిషాల్లో అది వినపడాలి.

రాగాల ఎంపికలో ఎవరూ చెప్పని సంగతి మెట్ల గురించి. సితార్ మెడ మీద ఉండే 19, 20 మెట్లలో అన్ని స్వరాలకూ చోటుండదు. సాధారణంగా మధ్య స్థాయి రి, ధ, తార స్థాయి రి, గ మెట్లను రాగాన్ని బట్టి జరుపుకోవాల్సిందే. తరఫ్ తీగలనూ మార్చాల్సిందే. కాబట్టి రికార్డు చేసే వరుస వేరు, ఆల్బమ్‌లో ఉండే వరుస వేరు. పై నమూనానే చూడండి. అహీర్ భైరవ్‌లో రి, ని కోమలం (అర స్వరం కిందివి); భైరవిలో వాటికి తోడు గ, ధ కూడా కోమలం. అంటే అహీర్ భైరవ్ అయ్యాక గ, ధ మెట్లూ ఆ రెండు స్వరాల తరఫ్‌లూ దించితే భైరవికి సితార్ సిద్ధం. రెండూ ఒకే ఉదయం పెట్టుకోవచ్చు. యమన్‌కు మాత్రం దాదాపు అన్నీ మారాలి. దాన్ని మరో రోజు సాయంత్రానికి వదిలి, ముందు రాత్రే తరఫ్‌లు మార్చి ఉంచుకుంటే తీగలు రాత్రంతా సర్దుకుంటాయి. అప్పటికప్పుడు ఒకటిన్నర స్వరం మేర లాగిన తరఫ్ తీగ కనీసం పావుగంట పాటు జారుతూనే ఉంటుంది.

2. గత్‌కు ఆవర్తనాల లెక్క

‘పద్నాలుగు నిమిషాలు వాయిస్తాను’ అనుకుని కూర్చుంటే ఇరవై రెండు అవుతుంది, లేదా పదికే చేతిలోని తానాలు (వేగమైన స్వర వరుసలు) అయిపోతాయి. అందుకే లెక్క వేసుకోవాలి. విలంబిత్ (నెమ్మది) లయ నిమిషానికి 48 మాత్రలనుకుంటే 16 మాత్రల తీన్‌తాల్ ఆవర్తనానికి సరిగ్గా 20 సెకన్లు పడుతుంది. 14 నిమిషాలంటే 42 ఆవర్తనాలు. మొదటి 4 గత్, మాంఝా, అంతరాలకు (రచనలోని మొదటి, మధ్య, పై భాగాలు). తరవాత 14 విస్తార్‌కు. 16 లయకారీకి (లయతో ఆడే ఆటకు), చిన్న తానాలకు. చివరి 8 పెద్ద తానాలకు, తిహాయిలకు (ఒకే ముక్కను మూడుసార్లు వాయించి ముగించడం). నడుస్తుండగా లయ కొంచెం ఎక్కుతుంది, ఎక్కాలి కూడా. అప్పుడు రెండు మూడు ఆవర్తనాలు అదనంగా దొరుకుతాయి. ద్రుత్ నిమిషానికి 240 మాత్రలైతే ఆవర్తనం 4 సెకన్లలో అయిపోతుంది. అక్కడ ఆవర్తనాలు లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఎన్ని తిహాయిలు, ఝాలాకు ఎక్కడ మళ్లాలి అన్నది తబలా వాద్యకారుడితో ముందే అనుకుంటే చాలు.

మసీత్‌ఖానీ ముఖడా (గత్ ఎత్తుగడ) 12వ మాత్రలో మొదలై సమ్ (ఆవర్తనపు మొదటి మాత్ర) మీదికి దిగుతుంది. దా, రా, దిర అనేవి మీటుల పేర్లు:

12 దిర, 13 దా, 14 దిర, 15 దా, 16 రా. సమ్ దా, 2 దా, 3 రా. 4 దిర, 5 దా, 6 దిర, 7 దా, 8 రా, 9 దా, 10 దా, 11 రా.

ఎడిటింగ్‌కు దీంతో చాలా పని పడుతుంది. 12వ మాత్ర ‘దిర’ ప్రతిసారీ ఒకే బరువుతో పడితే రెండు టేకులను ముఖడా దగ్గర కలపడం సులువు. ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా పడితే అతుకు వినపడుతుంది.

క్లిక్ ట్రాక్ వద్దు. ఎక్కే లయ లోపం కాదు, పద్ధతి. క్లిక్‌కు కట్టేస్తే తబలా ఠేకాకు (తాళపు మూల దరువుకు) ఊపిరాడదు. కావాలంటే మొదటి నాలుగు మాత్రలు మెట్రోనోమ్‌లో విని ఆపేయండి.

3. వాద్యాన్ని సిద్ధం చేయడం: మూడు వారాల ముందు నుంచి

*జవారీ.* మీండ్ (తీగను పక్కకు లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం) లాగి లాగి బాజ్ తీగ (ప్రధాన తీగ) కింద బ్రిడ్జి మీద సన్నటి గాడి పడుతుంది. గదిలో కూర్చుని వింటే అంతగా తెలియదు. మైకుకు మాత్రం తీగ తీగకూ తేడా ఉన్నట్టు స్పష్టంగా వినపడుతుంది. బాజ్ మిరుమిట్లుగా, దాని పక్కనున్న జోడ్ తీగ మొద్దుగా ఉంటుంది. రికార్డింగ్‌కు రెండు మూడు వారాల ముందు జవారీ చేయించండి. ముందురోజు చేయిస్తే కొత్త పదును 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య జిర్రుమంటుంది. అది కాస్త అరిగి నెమ్మదించడానికే ఈ వ్యవధి. మైహర్ బాణీ (రవిశంకర్ పరంపర) వాళ్లు కొంచెం తెరిచిన, మోత ఎక్కువున్న జవారీ, ఇటావా బాణీ (విలాయత్ ఖాన్ పరంపర) వాళ్లు కొంచెం మూసిన గుండ్రటి జవారీ ఇష్టపడతారు. రికార్డింగ్ కోసం బాణీ మార్చుకోకండి. కానీ మరీ తెరిచిన జవారీ అయితే మైకు దాన్ని మరింత తెరిచినట్టే వినిపిస్తుందని గుర్తుంచుకుని అర పాలు తగ్గించమనండి.

*తీగలు.* తరఫ్‌లు వారం ముందు, బాజ్, చికారీలు (ఝాలాలో మోగే పక్క తీగలు) మూడు నాలుగు రోజుల ముందు మార్చండి. బాజ్ తీగ మామూలుగా 0.30 మిల్లీమీటర్ల స్టీలు. దాని మీద ఐదు స్వరాల మీండ్ లాగుతాం కాబట్టి తెగేది ముందు అదే. సెషన్‌లో తెగితే కొత్తది కట్టి, మీండ్ లాగుతూ లాగుతూ నిలకడకు తేవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటను మొదటే షెడ్యూల్లో వేసుకోండి. బాజ్ తీగలు నాలుగైనా, అలవాటైన మిజ్రాబ్ (వేలికి తొడిగే మీటు ఉంగరం) మరొకటీ పక్కన ఉండాలి.

*గిలక శబ్దాలు.* రికార్డింగ్‌కు వారం ముందు ప్రతి మెట్టు మీదా ఒక్కో స్వరం గట్టిగా మీటి, అది పూర్తిగా ఆరిపోయే దాకా వినండి. చివర్లో ‘జ్ర్ర్’ మంటే వెతకాల్సిన చోట్లు ఇవి: దారం వదులైన మెట్టు, మెట్టుకు కింద నుంచి తగులుతున్న తరఫ్, కదులుతున్న మణకా (శ్రుతి పూస), వదులైన తరఫ్ బిరడ, పై బుర్ర మర. ఇటీవల జరిపిన మెట్టే చాలాసార్లు దోషి. జరిపినప్పుడు దారం బిగి పోతుంది, మెట్టు ఒక చివర లేస్తుంది. బిరడ జారుతుంటే సుద్దపొడి రాయండి. ఆ పని ముందే చేయండి, స్టూడియోలో కాదు.

*నూనె.* ఎడమ చెయ్యి స్టీలు తీగ మీద జారే కీచు శబ్దం ఆలాప్‌లో చాలా ఇబ్బంది పెడుతుంది. దూదిలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, వేళ్లు దానికి తాకించి తుడుచుకోవాలి. ఎక్కువైతే తీగ చచ్చుబడుతుంది. బాజ్ తీగను టేకు టేకుకూ పొడిగుడ్డతో తుడవండి.

4. శ్రుతి

మైహర్ బాణీ సితార్ సా సాధారణంగా కాలీ ఏక్, అంటే మన లెక్కలో ఒకటిన్నర శ్రుతి. ఇటావా బాణీలో రెండు శ్రుతి దగ్గర పెడతారు. ఏదైనా సరే ఆల్బమ్ అంతా ఒకే సా ఉండాలి, అది హెర్ట్జ్‌లో రాసి పెట్టుకోవాలి. ఒకటిన్నర శ్రుతికి జోడ్ తీగ 138.6 హెర్ట్జ్, ఖరజ్ (అడుగు స్థాయి) సా 69.3 హెర్ట్జ్. ఈ రెండో అంకెతో మైకుల దగ్గర మళ్లీ పని పడుతుంది.

వరుస ఇలా: తాన్‌పురా (తంబురా) మోగుతుండగా జోడ్, తరవాత ఖరజ్, పంచమం, బాజ్ మధ్యమం, చికారీలు, అప్పుడు తరఫ్‌లు. తరఫ్‌లు బిగించేసరికి మెడ మీద బరువు మారి బాజ్ కొంచెం దిగుతుంది. కాబట్టి చివర్న మళ్లీ బాజ్ దగ్గరికి రావాలి. తరఫ్ కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే ఆ స్వరాన్ని బాజ్ మీద మీటి వెంటనే తీగను అరచేత్తో ఆపండి. కింద తరఫ్ ఒంటరిగా పాడుతుంటే కుదిరినట్టు. గొంతు సన్నగా వచ్చి చప్పున ఆగితే ఇంకా కొద్దిగా తేడా ఉన్నట్టు.

ట్యూనర్‌లో ఆకుపచ్చ దీపాన్ని నమ్మి తరఫ్‌లు కట్టకండి. సా, ప స్వరాలకు ఫర్వాలేదు. మిగతావాటికి అది స్థాయిని 12 సమాన భాగాలు చేసే లెక్క చూపిస్తుంది. తాన్‌పురాతో కలిసి మోగే శుద్ధ గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటుంది, ట్యూనర్ చూపే దానికంటే 14 సెంట్లు తక్కువ (అర స్వరంలో వందో వంతు ఒక సెంటు). శుద్ధ ధైవతం 5:3 అయితే 16 సెంట్లు తక్కువ, నిషాదం 15:8 అయితే 12 తక్కువ. కోమల గాంధారం 6:5 అయితే ఎదురు, 16 సెంట్లు ఎక్కువ. యమన్‌లో గాంధారం తరఫ్ ట్యూనర్ ప్రకారం కడితే, మెట్టు మీద చెవి వెతుక్కునే గాంధారానికి ఆ తరఫ్ పలకదు. రాగపు జీవస్వరమే మూగబోతుంది. సా, ప మాత్రం ట్యూనర్‌తో పెట్టుకుని మిగతావి చెవితో కుదర్చండి.

మాల్కౌఁస్ వంటి రాగం తీసుకుంటే రి, ప ఉండవు. ఆ తరఫ్‌లను సా, మ, గ స్వరాలకు పంచాలి. పంచమం తీగలను మధ్యమానికి దించాలి. స్వరం మేర దించిన మంద్ర పంచమం తీగ వదులై బ్రిడ్జి మీద గరగరలాడవచ్చు. కొంచెం లావు తీగ కట్టుకోవడమే మందు.

తాన్‌పురాకు ‘ప సా సా సా’ సరిపోతుంది. అహీర్ భైరవ్‌కు మధ్యమం, యమన్‌కు నిషాదం పెట్టేవాళ్లూ ఉన్నారు.

5. గది

ప్రతిధ్వని పూర్తిగా చంపేసిన గది సితార్‌కు నచ్చదు. తరఫ్‌ల మోతకు కాస్త గాలి కావాలి. ప్రతిధ్వని అర సెకను చుట్టుపక్కల ఉంటే హాయి. చెక్క వేదిక మీద కూర్చోవాలంటే తట్టి చూడండి. బోలుగా ‘ధబ్’ మంటే నేల మీద మందపాటి తివాచీయే నయం.

ఫ్యాను, ఏసీ ఆపాలి. ఏసీ ఆపితే గది వేడెక్కుతుంది, వేడికి తీగ దిగుతుంది, తబలా చర్మం మారుతుంది. అందుకని రెండు గంటల ముందే చల్లబరిచి, ఏసీ ఆపి ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు శ్రుతి చేయండి. టేకు పావుగంట దాటితే తరవాతి టేకుకు ముందు మళ్లీ శ్రుతి తప్పదు. వాద్యాన్ని బయటి వేడి నుంచి తెచ్చిన వెంటనే పెట్టె తెరవకండి, గంటసేపు మూసే ఉంచండి.

మొదట ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి, 30 డెసిబెల్స్ పెంచి వినండి. ట్యూబ్‌లైటు రొద, పక్క గది ఫ్రిజ్, వీధి హారన్లు అన్నీ బయటపడతాయి. ఆ ఖాళీ నిమిషాన్ని చెరపకండి, ఎడిటింగ్‌లో సందులు నింపడానికి అదే పనికొస్తుంది. గంజి పెట్టిన కుర్తా, చేతి గడియారం, కడియం, రుద్రాక్ష మాల అన్నీ మైకుకు వినపడతాయి. కాలితో తాళం వేసే అలవాటుంటే పాదం కింద దిండు పెట్టుకోండి.

6. మైకులు

సితార్ ఒకే చోటి నుంచి మోగదు. బ్రిడ్జి దగ్గర మిజ్రాబ్ దెబ్బ, జవారీ మెరుపు ఉంటాయి. బుర్ర మీది తబ్లీ (మూత పలక) నుంచి నాదపు నిండుదనం, మెడ మీద తరఫ్‌ల మోత వస్తాయి. బ్రిడ్జికి జానెడు దూరంలో మైకు పెడితే టిక్కు టిక్కు తప్ప నాదం ఉండదు. తబ్లీకి ఎదురుగా దగ్గరపెడితే గుమ్మంటుంది. మెట్ల దగ్గరికి జరిపితే ఎడమ చేతి కీచులే ఎక్కువ.

మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు: సన్న డయాఫ్రమ్ కండెన్సర్ మైకు ఒకటి, బ్రిడ్జికి 40 సెంటీమీటర్ల దూరంలో, బ్రిడ్జి ఎత్తులోనే, బ్రిడ్జికీ చివరి మెట్టుకూ నడుమ ఉన్న ఖాళీ చోటును చూస్తూ. ఇది దగ్గరి మైకు. అసలు ధ్వని మాత్రం సితార్‌కు 80 నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో, వాయించేవారి ఎదురుగా పెట్టిన స్టీరియో జంట నుంచి రావాలి. దగ్గరి మైకును దానికి కొద్దిగా కలుపుతాం, అంతే. వాద్యకారులు మధ్యమం నుంచి పంచమానికి మీండ్ లాగుతూ ఉంటే ఇంకొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకును నాలుగు వేళ్ల మేర అటూ ఇటూ జరపాలి. ఎక్కడ మీండ్ చివరి స్వరం మొదటి స్వరమంత నిండుగా వినపడుతుందో అక్కడ ఆపాలి. మీండ్‌లో దెబ్బ ఒక్కటే, మిగతాదంతా నాదమే కాబట్టి ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. అన్ని మైకులనూ మోనోలో కలిపి వినండి. సన్నబడితే దూరాలు మార్చాలి, లేదా ఒకదాని పొలారిటీ (ధ్వని తరంగపు దిశ) తిప్పాలి.

కింది పౌనఃపున్యాల కోత విషయానికి వద్దాం. చాలా ప్రీఆంప్‌లలో (మైకు సిగ్నల్‌ను పెంచే పరికరాలు) మీట నొక్కితే 80 దగ్గరో 100 దగ్గరో కోసేస్తుంది. ఖరజ్ సా 69.3 హెర్ట్జ్ అని ముందే అనుకున్నాం. ఆ మీట నొక్కితే మంద్ర ఆలాప్‌కు పునాది తీసేసినట్టే. కోయాలంటే 40, 50 దగ్గర కోయండి. ఖరజ్ తీగ లేని ఇటావా బాణీ సితార్‌లో జోడ్ సా 147 హెర్ట్జ్ చేరువలో ఉంటుంది కాబట్టి అక్కడ 100 దాకా కోసినా పెద్ద నష్టం లేదు.

లెవెల్‌ను ఝాలాతోనే చూడాలి. ఆలాప్‌కు, ఝాలాకు పది పదిహేను డెసిబెల్స్ తేడా ఉంటుంది. గట్టి ఝాలా వాయించమని, అందులో గరిష్ఠం −10 దగ్గర ఆగేలా గెయిన్ పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి. ఆలాప్ −25 దగ్గర కనిపించినా కంగారు అక్కర్లేదు, 24 బిట్‌లో అది సమస్య కాదు. మధ్యలో గెయిన్ పెంచితే గది శబ్దమూ పెరుగుతుంది, అతుకు పనికిరాదు. కంప్రెసర్ రికార్డింగ్‌లో అసలు వద్దు. అది మిజ్రాబ్ దెబ్బను నొక్కి, ఆరిపోవాల్సిన తరఫ్‌లను పైకి లేపుతుంది. ఆలాప్‌లోని నిశ్శబ్దమంతా రొదగా మారుతుంది.

96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఆరు ట్రాకులు గంటకు దాదాపు 6.2 జీబీ. డిస్కు చోటు ముందే చూసుకోండి.

తాన్‌పురాను స్పీకర్లో పెట్టకండి, ఇది ముఖ్యం. గదిలో మోగిన తాన్‌పురా సితార్ మైకుల్లోకి దిగిపోతుంది. తరవాత ఎక్కడ కత్తిరించినా తాన్‌పురా ఎగిరిపడినట్టు తెలుస్తుంది. ఒక చెవికి హెడ్‌ఫోన్, అందులో తాన్‌పురా. మిక్సింగ్‌లో అదే హెర్ట్జ్ తాన్‌పురాను మొదటి నుంచి చివరి దాకా తెగకుండా వేరే ట్రాక్‌లో వేయాలి. సితార్‌కంటే 18, 20 డెసిబెల్స్ కింద ఉంటే చాలు.

*తబలా.* వేరే గదిలో కూర్చోబెడితే ఎడిటింగ్ సులువు, సంగీతం కష్టం. తిహాయి ఎక్కడ దిగబోతోందో తబలా వాద్యకారుడు సితార్ వాయించే చేతిని చూసి పట్టుకుంటాడు. ఒకే గదిలో, రెండు మీటర్ల ఎడంతో, ఎదురెదురుగా కొద్దిగా ఏటవాలుగా కూర్చోండి. కార్డియాయిడ్ (ముందువైపే బాగా వినే) మైకుల వెనక భాగం రెండో వాద్యం వైపు ఉండాలి. దాయాఁ (కుడి తబలా) అంచుకు పైన 25, 30 సెంటీమీటర్లలో ఒకటి, బాయాఁకు (ఎడమది) అంతే దూరంలో ఒకటి. దాయాఁ సితార్ సాకు కచ్చితంగా కలవాలి. కలిస్తే దాని ‘నా’ దెబ్బకు సితార్ తరఫ్‌లు తమంతట తాము మోగుతాయి. కలవకపోతే ప్రతి ‘నా’ సాను ఎత్తిచూపి బాధిస్తుంది.

7. టేకులు

ఉదయపు రాగాన్ని ఉదయమే రికార్డు చేయడం సంప్రదాయం కోసమే కాదు. తెల్లవారుజామున వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, గది చల్లగా ఉంటుంది. మొదటి టేకు లెవెల్ కోసం, కానీ రికార్డు చేయండి. బెదురు లేని ఆలాప్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. రెండోది, మూడోది పూర్తిగా. పూటకు మూడు పూర్తి టేకులకు మించి వద్దు. చూపుడు, మధ్య వేళ్ల మీద తీగ పడ్డ గాడులు లోతైతే మీండ్ చివరి స్వరం కొద్దిగా కిందే ఆగిపోతుంది. అలసట మొదట అక్కడే తెలుస్తుంది.

తప్పు పడితే టేకు ఆపేయకండి. రెండు శ్వాసలు ఆగి, అదే లయలో ముఖడా నుంచి ఎత్తుకోండి. పక్కన ఒకరు గడియారం చూస్తూ ‘7.40, తాన్ జారింది, 8.20, బాగుంది’ అని రాసుకుంటూ ఉంటే ఎడిటింగ్‌లో ఒక రోజు మిగులుతుంది.

8. ఎడిటింగ్, మాస్టరింగ్

ఆలాప్‌లో కత్తిరించదగ్గ చోటు చికారీ దెబ్బ. చికారీ పడ్డ క్షణంలో కొత్త దెబ్బ పాత మోతను కప్పేస్తుంది. దెబ్బకు సరిగ్గా ముందు 30 నుంచి 80 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగే అతుకు) చాలు. దీర్ఘ స్వరం ఆరిపోతున్న చోట కత్తిరిస్తే తరఫ్‌ల తోక తెగి, గది తలుపు మూసినట్టు వినపడుతుంది. తరఫ్‌ల మోత మూడు నుంచి ఐదు సెకన్లు నిలుస్తుంది, ఆ మేర ఎప్పుడూ అటూ ఇటూ ఉంచుకోండి. గత్‌లో సమ్ నుంచి సమ్‌కు, లేదా 12వ మాత్ర నుంచి 12వ మాత్రకు మాత్రమే కత్తిరించాలి. రెండు టేకుల లయ నిమిషానికి ఒక మాత్ర తేడా ఉన్నా కలపకండి. అతుకు వినపడకపోవచ్చు గానీ తబలా తడబడ్డట్టు తోస్తుంది.

పిచ్ కరెక్షన్ సంగతి: బాజ్ స్వరాన్ని సరిదిద్దితే దాంతోపాటు రికార్డయిన తరఫ్‌లు, చికారీలు కూడా జరుగుతాయి. ఒక్క మీండ్ బాగుపడబోయి కింద ఉన్న సా పక్కకు పోతుంది. బాగా లేని మీండ్‌కు మందు ఇంకో టేకే.

రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) పేరుతో సితార్‌ను గుడి మంటపంలో కూర్చోబెట్టకండి. తరఫ్‌లే దాని సొంత రివర్బ్. గది మరీ పొడిగా ఉంటే కొద్దిగా కలపొచ్చు.

స్ట్రీమింగ్ సేవలు గట్టి ఆల్బమ్‌లను తగ్గించి వినిపిస్తాయి. స్పాటిఫై లెక్క −14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (సగటు గట్టిదనపు కొలత). దాన్ని అందుకోవాలని లిమిటర్‌తో (గట్టి శబ్దాలను హద్దు దాటకుండా నొక్కేది) పిండితే ఝాలా నలిగిపోతుంది. −18, −20 దగ్గర వదిలేయండి, గరిష్ఠం −1 దాటకుండా చూడండి. ట్రాకులను విడివిడిగా ఒకే గట్టిదనానికి తేకండి. అలా చేస్తే ఆలాప్ ఝాలా అంత బిగ్గరగా లేచి కూర్చుంటుంది.

రాగాన్ని ఒకే ట్రాక్‌గా ఇవ్వడమా, ఆలాప్, జోడ్, గత్‌లుగా విడగొట్టడమా? విడగొడితే కొత్త శ్రోత నేరుగా గత్‌కు వెళ్లగలడు. కానీ వరుస కలిపి వాయిస్తే మొదటి ట్రాక్ లేకుండా రెండోదానికి అర్థం ఉండదు. ఆలాప్–జోడ్–ఝాలాను ఒకటిగా, గత్‌లను ఒకటిగా ఉంచితే మధ్యేమార్గం. విభజన దగ్గర తాన్‌పురా తెగకుండా ఫైళ్లను ఒకే పొడుగు ట్రాక్ నుంచి కత్తిరించాలి, ఫేడ్ పెట్టకూడదు.

9. కాగితాలు, పేర్లు

రాగానికి యజమాని లేడు. పరంపరగా వచ్చిన గత్‌లకూ లేడు. కానీ ఫలానా వారు కట్టిన గత్ అయితే భారతీయ కాపీరైట్ చట్టం ప్రకారం ఆ స్వరకర్త జీవితకాలమూ, ఆ తరవాత 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. అనుమతి అడగండి, పేరు వేయండి. తబలా వాద్యకారుడికీ ప్రదర్శకుడిగా హక్కు ఉంది, అది 50 ఏళ్లు నిలుస్తుంది. ఒకేసారి పారితోషికమా, ఆదాయంలో వాటానా అన్నది రికార్డింగ్‌కు ముందే ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

ప్రతి ట్రాక్‌కూ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ను గుర్తించే అంతర్జాతీయ సంకేతం) కావాలి. మన దేశంలో వీటిని ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ ఇస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ద్వారా కూడా వస్తాయి. ట్రాక్ పేరులో రాగం, భాగం, తాళం ఉండాలి: ‘రాగ్ యమన్: మసీత్‌ఖానీ గత్, తీన్‌తాల్’. యమన్ వాయించి యమన్ కల్యాణ్ అని రాయకండి. రెండోదానిలో శుద్ధ మధ్యమం తొంగిచూస్తుంది, తెలిసినవాళ్లు దానికోసం వెతుకుతారు. రాగం పేరు లిపి అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట భైరవి, ఇంకోచోట భైరవీ అంటే వెతికేవాళ్లకు సగమే దొరుకుతుంది.

ముడి ఫైళ్లను రెండు డిస్కుల్లో, వేర్వేరు ఇళ్లలో ఉంచండి. వాటితోపాటు ఒక కాగితం: సా ఎన్ని హెర్ట్జ్, మెట్లు ఎక్కడ, తరఫ్‌ల వరుస, బాజ్ తీగ మందం, మైకుల దూరాలు, గది ఉష్ణోగ్రత. ఆర్నెల్ల తరవాత ఒక్క తాన్ మళ్లీ వాయించి అతికించాల్సి వస్తే ఈ కాగితమే దిక్కు.